వంకాయరంగు పీలికలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పెళ్ళికి ముందూ లేదు, ఇప్పుడూ లేదు. నేను పని చేసేది దీవుల మధ్య తిరిగే ఫెర్రీ ఇంజన్ రూములో. అక్కడ పగలనకా రాత్రనకా ఏదో ఒకటి మూలుగుతూనే ఉంటుంది. మూలిగిన ప్రతిసారీ దెయ్యమనుకుంటే ఉద్యోగం చేయలేం. వెతికితే ఎక్కడో ఒక బోల్టు వదులై ఉంటుంది. బిగిస్తే నోరు మూసుకుంటుంది. లోకంలో ప్రతి వింతకీ ఇలాంటి బోల్టు ఒకటి ఉంటుందని ఇప్పటికీ అనుకుంటాను.

ఒక్కదానికి మాత్రం ఆ బోల్టు దొరకలేదు. అది సాక్షాత్తూ నా పెళ్ళిరోజున జరిగింది. అందుకే ఎప్పుడు తలచుకున్నా భయం వేయదు, నవ్వొస్తుంది.

నా పేరు సన్యాసిరావు. ఈ పేరుతో పెళ్ళి చేసుకోవడమే ఒక వింత అని మా ఫెర్రీలో వాళ్ళు ఏడిపించేవాళ్ళు. మా ఊరు ఈ దీవుల్లోని గరాచర్మ. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి చేపల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. పెళ్ళికూతురు గౌరిది హార్బర్ అవతల ఒడ్డున హోప్ టౌన్. పెళ్ళి మా వైపు హాల్లో చేద్దామని మా అమ్మ ఎంత మొత్తుకున్నా వాళ్ళు ఒప్పుకోలేదు. కారణం గౌరి నాయనమ్మ నూకాలమ్మ. ఆవిడని ఊరంతా మామ్మ అనే పిలుస్తుంది. మామ్మ హోప్ టౌన్ దాటి అడుగు బయట పెట్టి ఏళ్ళు గడిచాయి. పంటినొప్పికి కూడా ఆసుపత్రికి రాదు, లవంగం బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. దానికొక కారణం ఉంది.

వెనకటి రోజుల్లో ఊరి వెనక కొండ మీది అడవిలోకి మగవాళ్ళు పందుల వేటకి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు వేట నిషేధం, అందరూ మానేశారు. వేట పోయినా దాని మర్యాద మిగిలింది. ఆ అడవిలో నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే వచ్చిన దారి కనపడదు. అందుకని లోపలికి వెళ్ళేవాడు చెట్లకి గుడ్డపీలికలు కట్టుకుంటూ వెళ్తాడు. వాటిని నిశాన్‌లు అంటారు. ఈ రోజుల్లో తప్పిపోయిన ఆవుని వెతకడానికి వెళ్ళేవాళ్ళు గుడ్డ బదులు ప్లాస్టిక్ టేపు కడుతున్నారు, అంతే తేడా.

ఏ ఇంటి రంగు ఆ ఇంటిదే. ముడి వేశాక ఒక కొస పొడుగ్గా వదిలి ఇంటివైపు వేలాడేలా చూడాలి. ఇంకొకరి నిశాన్ ముట్టుకోకూడదు. దాని వెంటపడి వాళ్ళ వేటచోటు కనిపెట్టడం దొంగతనంతో సమానం. దారి తప్పినవాడికి మాత్రం మినహాయింపు ఉంది. వాడు ఎవరి నిశాన్ పట్టుకునైనా బయటికి రావచ్చు, కానీ ఆ తరవాత కట్టినవాడిని ఇంటికి పిలిచి కడుపునిండా భోజనం పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటి. తిరిగొచ్చేటప్పుడు అందరికన్నా వెనక నడిచేవాడు నిశాన్‌లన్నీ విప్పుకుంటూ రావాలి. చెట్టుకి నిశాన్ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క.

గౌరి పుట్టకముందు వాళ్ళ తాత పోలయ్య ఒకరోజు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఊరు ఊరంతా వెతికింది. అడవి మొదట్లో ఉన్న పడాక్ అనే పెద్ద కలపచెట్టుకి ఆయన కట్టిన పీలిక ఒక్కటే మిగిలింది. లోపలివన్నీ ఆ వారం పట్టిన గాలివానకి పోయి ఉంటాయన్నారు. అది మామ్మ వంకాయరంగు నైలాన్ చీర చింపి కట్టిన పీలిక. నైలాన్ కాబట్టి కుళ్ళలేదు, రంగు మాత్రం వెలిసి తెల్లబడిపోయింది. దాన్ని మామ్మ విప్పలేదు, ఎవరినీ విప్పనివ్వలేదు.

పెళ్ళిచూపుల రోజున నేను మర్యాదకి, "మా గరాచర్మ ఒకసారి రండి మామ్మా" అన్నాను.

"ఆయన నోపలున్నాడు కదా నాయనా, నానెలాగొస్తాను?" అంది, పక్కింటికి వెళ్ళిన మనిషి గురించి చెప్పినట్టు.

ఇక పెళ్ళిరోజు. పొద్దున్నే హోప్ టౌన్‌లో విడిదికి చేరాం, ముహూర్తం సాయంత్రం. మంగళస్నానం అయింది, పట్టుపంచె కట్టారు, బుగ్గన చుక్క పెట్టారు. ఇక గడప దాటకూడదని మా అమ్మ గట్టిగా చెప్పి పూలబుట్టల కోసం జెట్టీకి వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే మా ఫోటోగ్రాఫర్ ఇటు తయారయ్యాడు. లంబాలైన్ నుంచి వచ్చిన బెంగాలీ దాదా. "జంగల్ మే ఏక్ ఫోటో భయ్యా, బస్ ఏక్" అని చెవిలో జోరీగలా మొదలుపెట్టాడు. నాకూ సరదాగానే ఉంది. దాదా, నా ఫెర్రీ స్నేహితులిద్దరు, గౌరి అన్న రాజు, నేను బయలుదేరాం. నిశాన్‌ల కోసం రాజు పందిరికి తెచ్చిన బంగారురంగు రిబ్బను ఒక చుట్ట పట్టుకొచ్చాడు.

పడాక్ చెట్టు దగ్గర నన్ను ఆనుకుని నిలబడమన్నాడు దాదా. పీలిక నా భుజం పక్కనే వేలాడుతోంది.

"బావా, సెయ్యి తగలనీకు. అది తాతది" అన్నాడు రాజు. నేను కాస్త జరిగాను. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఒక్క ఫోటో అన్నవాడు లోపలికి తీసుకెళ్ళి వాగు దగ్గర, ఊడల దగ్గర, పడిపోయిన మాను మీద, లెక్కలేనన్ని తీశాడు. తిరిగి బయలుదేరేటప్పుడు నేను ఒంటికని పొదల చాటుకి వెళ్ళాను. పట్టుపంచె కట్టుకున్నవాడికి అది చిన్న పని కాదు. నేను రాజుతో వస్తున్నాననుకుని దాదా వాళ్ళు ముందు నడిచారు. నేను దాదా వాళ్ళతో ముందు వెళ్ళాననుకుని రాజు వాళ్ళ వెనకే నడిచాడు. వేటగాడి మనవడు కదా! తనే ఆఖరివాడు కాబట్టి రిబ్బన్లన్నీ ఒక్కటి వదలకుండా విప్పి, చేతికి చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మా బావమరిది నన్ను నూటికి నూరుపాళ్ళు మర్యాదగా అడవిలో వదిలేశాడు.

నేను బయటికి వచ్చి చూస్తే మనుషులు లేరు, రిబ్బన్లు లేవు. ముందు నవ్వుకున్నాను, ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కేకేశాను. పలుకు లేదు. ఫోను దాదా సంచిలో ఉంది. ఇదే దారి అనుకుని నడిచినకొద్దీ చెట్లు దగ్గరపడ్డాయి. బెత్తపు ముళ్ళు కండువా లాగేసుకున్నాయి. కాళ్ళకి జలగలు పట్టాయి. హార్బర్‌లో ఓడ హారన్ మోగింది, ఆ చప్పుడు నాలుగు దిక్కుల నుంచీ వచ్చింది. ఆ మీదట వాన పడింది. అంత ముస్తాబూ అడవిగాచిన వెన్నెల అయింది.

భయం వేసిందని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. చచ్చిపోతానని కాదు. గౌరి పీటల మీద కూర్చుని గుమ్మం వైపు చూస్తూ ఉంటుందని. ఇప్పటికే ఆ ఇంట్లో ఒక ఆడమనిషి ఈ అడవిని చూస్తూ బతుకంతా కూర్చుంది. రెండో మనిషిని నేను కూర్చోబెడతానేమోనని. వాన తగ్గేసరికి పొద్దు వాలుతోంది. ముహూర్తం దగ్గరపడుతోంది.

అప్పుడు కనిపించింది ఎదురుగా ఒక చెట్టుకి పీలిక. వంకాయరంగు, సన్నని పసుపు అంచు. నిన్న కొన్న గుడ్డలా నిగనిగలాడుతోంది. రాజు నన్ను వెతుకుతూ కట్టాడు కాబోలని ప్రాణం లేచొచ్చింది. పొడుగు కొస కుడివైపు వేలాడుతోంది. అటు నడిచాను. ఇంకోటి కనిపించింది. దాని కొస చూపించిన వైపు వెళ్తే ఇంకోటి. విప్పుదామని చెయ్యి చాచి, పొద్దున రాజు అన్న మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. ఒక సంగతి మాత్రం అప్పుడే గమనించాను. చెట్లన్నీ కారుతున్నాయి, నా పంచె పిండితే బకెట్టు నిండేలా ఉంది, ఆ పీలికలు మాత్రం పొడిగా ఉన్నాయి.

ఇంకో సంగతి. దారి సరిచూసుకుందామని ఒకసారి వెనక్కి తిరిగాను. అప్పుడే దాటొచ్చిన పీలిక చెట్టుకి లేదు. ఆకులు అడ్డొచ్చాయనుకున్నాను. మరోసారి చూశాను, రెండోదీ లేదు. వెనక ఎక్కడో తడి ఆకుల మీద అడుగు పడ్డట్టు మెత్తగా చప్పుడు వస్తోంది. నేను ఆగితే ఆగుతోంది. జింక అయి ఉంటుంది, ఇక్కడ జింకలకేం కొదవ? విచిత్రం ఏమిటంటే ఆ చప్పుడు వినబడ్డప్పటి నుంచి నాకు భయం పోయింది. మా నాన్నతో సంతకి వెళ్ళొస్తున్నంత ధీమాగా నడిచాను. పాట కూడా పాడాను. నా గొంతు విన్నవాళ్ళకి తెలుసు, అది ఎంత ధైర్యమో.

ఆఖరి పీలిక దాటగానే ఎదురుగా పడాక్ చెట్టు వచ్చింది. దాని మొదట్లో మామ్మ గొడుగు వేసుకుని కూర్చుని ఉంది. ఊళ్ళోవాళ్ళు నన్ను వెతకడానికి వాగు వైపు వెళ్ళారట. ఈవిడ మాత్రం ఇక్కడ కూర్చుంటానందట. నన్ను చూసి లేచి, తలమీద ఆకులు దులిపింది.

"మీవాళ్ళ నిశాన్‌లు పట్టుకుని వచ్చేశాను మామ్మా" అన్నాను, ఆయాసపడుతూ.

"మావోలు అటేపు నిశాన్‌లు కట్టనేదు నాయనా. ఏ రంగు?"

"వంకాయరంగు. పసుపు అంచు."

మామ్మ గొడుగు మూసింది. "కొస ఎటేపుంది?" అని అడిగింది. చెయ్యి పెట్టి చూపించాను. అప్పుడు ఆవిడ తిరిగి పడాక్ చెట్టు వైపు చూసింది. నేనూ చూశాను. చెట్టుకి పీలిక లేదు. కిందా లేదు, ఆవిడ ఒళ్ళోనూ లేదు. ఇంతసేపూ వీపు ఆనించి కూర్చున్న చెట్టది. వచ్చి కూర్చునేటప్పుడు తడిమి చూశానని, అప్పుడుందని తరవాత అందరికీ చెప్పింది.

"ఎనక ఎవులైనా వచ్చినారా?"

"ఏదో చప్పుడైతే వచ్చింది మామ్మా. జింకనుకున్నాను."

మామ్మ నవ్వింది. బోసినోరు మొత్తం కనపడేలా, పకపకా నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నవ్వుతూనే ఉంది. "నువ్వు ముందు నడిసినావు. ఆయన ఇప్పుకుంటా ఎనకొచ్చినాడు" అంది. "పద పద, ముగూర్తం దాటిపోద్ది. ఆయన్ని ఇంకా నిలబెట్టీకు."

దారి పొడుగునా ఆవిడే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అంత జోరుగా నడవలేని మనిషనుకున్నాం ఇన్నాళ్ళూ.

పందిట్లోకి అడుగు పెట్టేసరికి మా అమ్మ తిట్లూ, మేళం, ఫెర్రీవాళ్ళ ఈలలూ ఒక్కసారి మొదలయ్యాయి. "సన్యాసి పేరు నిలబెట్టి అడవి పట్టాడు, మళ్ళీ మనసు మార్చుకున్నాడు" అన్నారు. రాజు మొహం చూడాలి, పాపం. చేతికి ఆ రిబ్బను చుట్ట అలాగే ఉంది. బురద పంచెతోనే తాళి కట్టాను. తల వంచుకున్న గౌరి నా కాలికి ఇంకా పట్టుకునున్న జలగని చూసి కిసుక్కున నవ్వింది. ముహూర్తం తప్పలేదు.

భోజనాల వేళ మామ్మ మొదటి వరసలో రెండాకులు వేయించింది. ఒకటి తనకి, పక్కది ఖాళీ. నన్ను పిలిచి, ఆయన నిశాన్ పట్టుకుని వచ్చినవాడివి నువ్వు కాబట్టి నువ్వే వడ్డించాలంది. కొత్త పెళ్ళికొడుకుని, చేతిలో గరిటెతో నిలబడ్డాను. అన్నం, చేపల పులుసు, మాంసం అన్నీ వడ్డించాను. మామ్మ ఆ ఖాళీ ఆకు వైపు తిరిగి, "తిను. ఇంత ఆలీసమేటి? పులుసు సల్లారిపోనాది" అని కసిరింది. ఆ మాట విని మొదట గౌరి నాన్న ఏడ్చాడు, ఆ తరవాత అందరూ నవ్వారు.

నేను చేయగలిగిన విచారణలన్నీ చేశాను. ఊళ్ళో ప్రతి ఇంటినీ అడిగాను. అటువైపు ఎవరూ వెళ్ళలేదు, ఆ రంగు నిశాన్ ఎవరిదీ కాదు. మామ్మ పెట్టెలో మిగిలిన చీరముక్క చూపించింది. అదే రంగు, అదే అంచు. ఆ చీర నేను అంతకుముందు చూసే అవకాశమే లేదు. చెట్టుకున్నది వెలిసిన తెల్లటి పీలిక, ఫోటోలో చూసినా అంతే. భయంలో మతి చెదిరి చూశానంటే, మతి చెదిరినవాడు సరిగ్గా పడాక్ చెట్టు దగ్గరికెలా తేలాడు? ఒక పీలిక విప్పి జేబులో వేసుకుని ఉండాల్సిందని నా స్నేహితులు ఇప్పటికీ తిడతారు. ఇంకొకరిది ముట్టుకోకూడదు కదా, ఏం చేయను?

ఇంతకన్నా నాకు తెలియదు. బోల్టు దొరకలేదు.

మర్నాడు పొద్దున అప్పగింతలయ్యాక మేం ఫెర్రీ ఎక్కడానికి జెట్టీకి వచ్చాం. చూస్తే మామ్మ మాకన్నా ముందే వచ్చి, సంచి పక్కన పెట్టుకుని ఫెర్రీలో కిటికీ పక్క సీటులో కూర్చుని ఉంది. గౌరీ నేనూ అలాగే చూస్తూ నిలబడ్డాం.

"ఏటలా సూస్తారు? గరాచర్మ రమ్మన్నాడు కదా నీ మొగుడు" అంది మామ్మ. సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటు మీద చెయ్యి ఆనించి, అక్కడెవరినీ కూర్చోనివ్వలేదు.