మస్తాన్‌వలి గారు కొట్టేసిన పేర్లు

మొన్న గుంటూరులో ఒక పాత నిఘంటువుకు అట్ట వేయించడానికి బైండింగు షాపుకు వెళ్లాను. లోపల పొయ్యి మీద మైదా జిగురు ఉడుకుతోంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. ఆ జిగురు వాసన ముక్కుకు తగలగానే లేచి బయటికి వచ్చేశాను. "ఏమండీ, వాసన పడలేదా?" అన్నాడు షాపాయన. పడకపోవడం కాదు. మస్తాన్‌వలి గారి చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేసేవి. చిరిగిన పుస్తకాలన్నీ ఆయనే స్వయంగా అతికించేవారు.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్త. లైబ్రరీ శిక్షణ సర్టిఫికెట్టు చేతపట్టుకుని, మార్టూరు దగ్గర ఒక ఊళ్లో శాఖా గ్రంథాలయానికి అసిస్టెంటుగా వెళ్లాను. అక్కడ లైబ్రేరియను మస్తాన్‌వలి గారు. తరతరాలుగా పరుపులు కుట్టే కుటుంబం వాళ్లది. ఆయన చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. పత్తి అమ్మడానికి వచ్చి అరుగుల మీద కూర్చున్న రైతులకు పేపరు చదివి వినిపిస్తుంటే, ఊరి పెద్దలే తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారట. ఆయన కింద పనిచేయడం నాకు చిన్నతనంగా ఉండేది. ఒకరోజు ఒక రైతు మిరపమొక్క పీక్కొచ్చి బల్ల మీద పెట్టి, "సాయిబు గారూ, ఆకు ముడుచుకుపోతందండీ" అన్నాడు. నేను కేటలాగు కార్డులు తిరగేస్తూ ఉండగానే ఆయన లేచి వెళ్లి, వ్యవసాయం పుస్తకం తెచ్చి, సరిగ్గా ఆ పేజీలో కాగితం ముక్క పెట్టి ఇచ్చారు. అది చూసి కూడా నేను మారలేదు.

ఆయన చేసే పనుల్లో ఒకటి మాత్రం నాకు అస్సలు మింగుడుపడేది కాదు. పుస్తకం తిరిగి రాగానే రిజిస్టరులో ఆ వరుసను ఒక్క అక్షరమైనా కనబడకుండా సిరాతో కొట్టేసేవారు. ఇదేం పద్ధతండీ, ఎవరేం చదివారో లెక్క ఉండొద్దా అన్నాను. "పుస్తకం చేరింది కదా మూర్తి గారూ, ఇంక మనిషితో మనకేం పనండీ?" అన్నారు. నేను నవ్వాను. ఒక్కొక్క పాఠకుడికి ఒక్కొక్క పేజీ కేటాయించి, చదివిన పుస్తకాలన్నీ వరసగా ఎక్కించే పెద్ద రిజిస్టరు తయారుచేశాను. ఆయన చాలాసేపు దాన్ని తిరగేసి చూసి, "మీరు చదువుకున్నవారు" అని మాత్రం అన్నారు.

ఆ రిజిస్టరులో ఊరి పురోహితుల వారి కూతురు శారదకు మూడు పేజీలు నిండాయి. పెళ్లయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన పిల్ల. గురువారం మధ్యాహ్నాలు ఆడవాళ్ల కోసం కేటాయించిన గంటలో వచ్చేది. ఇంగ్లీషు వ్యాకరణం, మెట్రిక్ గైడ్లు, ఆ తర్వాత నర్సు శిక్షణ పుస్తకాలు. మస్తాన్‌వలి గారు కొన్నింటిని గుంటూరు నుంచి ప్రత్యేకంగా తెప్పించేవారు. ఎందుకని ఆయనా అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఆయన ఊళ్లో లేని ఒకరోజు శారద అన్నగారు వచ్చారు. "మా చెల్లాయి తెగ చదువుతోందండీ. ఏం చదువుతోందో మరి!" అన్నారు నవ్వుతూ. నా రిజిస్టరు పనితనం చూపించే అవకాశం దొరికింది కదా అని ఆ మూడు పేజీలూ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన వేలు పెట్టి వరుస వరుసా చదివారు. "ఎంత ముత్యాల్లాంటి రాత అండీ మీది" అన్నారు. నేను పొంగిపోయాను.

తర్వాతి గురువారం శారద రాలేదు. పుస్తకాలు మూటగట్టి పంపేశారు. ఇంట్లో తెలియకుండా నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టబోతోందట. ఆమెను మంగళగిరిలో మేనత్త ఇంటికి చేర్చేశారు. విన్నదంతా చెప్పి, "నేనే చూపించానండీ" అన్నాను. మస్తాన్‌వలి గారు నన్ను తిట్టలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ పిల్ల మనల్ని నమ్మి వచ్చిందండీ" అన్నారు. అంతే.

గ్రంథాలయం ఆడపిల్లల్ని చెడగొడుతోందని అన్నగారు పైకి అర్జీ పెట్టారు. విచారణకు వచ్చిన అధికారి నా రిజిస్టరే ముందు పెట్టుకుని, "ఇవన్నీ ఎవరిచ్చారు? ఇంటివాళ్లకు చూపించి ఊళ్లో ఇంత గొడవ చేసిందెవరు?" అని అడిగాడు. మస్తాన్‌వలి గారు లేచి నిలబడి, "శాఖ నాదండీ. రెండింటికీ జవాబుదారీ నేనే" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. చూపించింది నేనని ఒక్క మాట అంటే సరిపోయేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అధికారి నావైపు తిరిగి రిజిస్టరు బాగుందని మెచ్చుకుంటే, దానికి తల కూడా ఊపాను. నెల తిరక్కుండానే మస్తాన్‌వలి గారిని సముద్రపు ఒడ్డున కొత్తపట్నానికి బదిలీ చేశారు. ఆయన కుర్చీ నాకిచ్చారు.

ఏడాదికి ధైర్యం కూడగట్టుకుని కొత్తపట్నం వెళ్లాను. చేపలవాళ్ల పేటలో ఒక చిన్న గది, రెండు బీరువాలు. నన్ను చూసి నిజంగానే సంతోషించారు. క్షమాపణకు దారిలో కూర్చుకున్న మాటలు నేను మొదలుపెట్టబోతే, చెయ్యి ఎత్తి ఆపేశారు. "అది సరేనండీ. ఆ అమ్మాయి అక్కడేమన్నా చదువుకుంటోందా? కనుక్కున్నారా?"

నేను కనుక్కోలేదు. ఏడాదంతా నా తప్పు గురించే బాధపడ్డాను కానీ, ఆమె ఏమైందని ఒక్కసారైనా అనుకోలేదు.

తిరిగి వస్తూ మా ఊళ్లో దిగకుండా నేరుగా మంగళగిరి వెళ్లాను. మేనత్తగారి వీధి చివర, మగ్గాల చప్పుడు వింటూ చాలాసేపు నిలబడ్డాను. నేను వెళ్లి అడిగితే ఆమెకే మళ్లీ చిక్కు వస్తుందని నాకు నేనే నచ్చజెప్పుకుని బస్సెక్కేశాను. నిజానికి భయపడ్డాను. ఆమె ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు.

తర్వాత ముప్పై ఏళ్లు ఈ ఉద్యోగమే చేశాను. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఈ కథ చెప్పేవాణ్ణి. పాఠకుల సంగతి మూడోవాడికి చెప్పకూడదని నూరిపోసేవాణ్ణి. వాళ్లు చాలా శ్రద్ధగా వినేవారు. "ఆ అసిస్టెంటు తర్వాత ఏమయ్యాడండీ?" అని ఒకమ్మాయి అడిగింది కూడా. ఎవరో నాకు తెలియదమ్మా, విన్నమాట అన్నాను. ఎప్పుడు చెప్పినా అలాగే చెప్పాను. అది నేనేనని రాయడం ఇదే మొదటిసారి.