ఒకే డబ్బాలోకి వచ్చిన బిళ్లలు

నా చిన్నప్పుడు తిరువూరులో మా ఇంట్లో మందుబిళ్లలు రెండు చోట్ల దాగి ఉండేవి. ఒక చోటి సంగతి ఇంకో చోటికి తెలియకుండా మా నానమ్మ కాపాడుకొచ్చేది. రెండూ మా చిన్నాన్నవే. కుట్టుమిషను సొరుగులో ఫిట్స్ బిళ్లలు, బియ్యం డబ్బా వెనకాల క్షయ బిళ్లలు. ఫిట్స్ అని తెలిస్తే పిల్లనివ్వరని, క్షయ అని తెలిస్తే కుట్టడానికి గుడ్డ ఇవ్వరని ఆవిడ భయం. అందుకే బెజవాడలో ఫిట్స్ డాక్టరుకి దగ్గు మాట చెప్పలేదు. ఊళ్లో దగ్గు డాక్టరుకి ఫిట్స్ మాట చెప్పలేదు.

చిన్నాన్న దర్జీ. బెల్‌బాటం ప్యాంట్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. గంపలగూడెం నుంచి కూడా కుర్రాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మొదట్లో ఆయనకి ఫినోబార్బిటోన్ అనే బిళ్ల ఇచ్చారు. అది వేసుకుంటే మిషను మీదే కునుకు పట్టేది. డాక్టరు దాన్ని ఫెనిటాయిన్‌కి మార్చాక మత్తు పోయింది, ఫిట్సూ రాలేదు.

క్షయకి ఇచ్చిన ఆ దగ్గు బిళ్లలు మొదలుపెట్టిన కొన్ని వారాలకి కుట్టు వంకరలు పోసాగింది. నడిస్తే తూలేవాడు. మాట ముద్దగా వచ్చేది. ఒక శుక్రవారం మసీదులో పక్కాయన మీదకి ఒరిగిపోయాడు. ఇక తాగుతున్నాడనే అనుకున్నారంతా. చుక్క ముట్టని మనిషి ఎంత ఒట్టేసినా మా నాన్న కూడా నమ్మలేదు.

"కల్లు దుకాణమే నీ దగ్గరికి నడిచొచ్చిందా ఏంటి? వచ్చే శుక్రవారం దాకా చూస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే ఆ మిషను ముట్టుకోకు, ఈ గడప తొక్కకు" అన్నాడు.

మా పక్కింటాయన కాంపౌండరు. ఆ వారమే చొక్కాకి కొలతలివ్వడానికి వచ్చాడు. టేపు పట్టుకున్న చిన్నాన్న ఆయన మీద పడబోయాడు. అంత దగ్గరగా వచ్చినా కల్లు వాసన లేదని ఆయనకి అప్పుడే తెలిసిందట. ఇంటికెళ్లి ఖాళీ పాలపిండి డబ్బా ఒకటి తెచ్చాడు.

"పిన్నిగారూ, వానాకాలమండీ. బిళ్లలు చెమ్మకి పాడైపోతాయి. ఇంట్లో ఉన్నవన్నీ ఇందులో పెట్టుకోండి, మూత గట్టిది."

కొడుకు బిళ్లలు పాడవుతాయనేసరికి నానమ్మ దాపరికం మర్చిపోయింది. సొరుగులోవి, బియ్యం డబ్బా వెనకవి తెచ్చి తన చేత్తోనే అందులో పెట్టింది. ఆయన సీసాల మీద పేర్లు చదివాడు. ఫెనిటాయిన్. ఐసోనియాజిడ్. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ పేర్లు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

"సూదులు రెండు కనిపిస్తున్నాయా తమ్ముడూ?" అని మెల్లగా అడిగాడు.

చిన్నాన్న ఏడ్చేశాడు. చాలా రోజులుగా రెండు కనిపిస్తున్నాయట. దారం దేనికి ఎక్కించాలో తెలియట్లేదట. చెబితే తాగుబోతు మాటలంటారని లోపలే దాచుకున్నాడు.

"రెండూ మంచి మందులే. కానీ ఈ దగ్గు బిళ్ల ఆ ఫిట్స్ బిళ్లని ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు. అది రోజురోజుకీ పేరుకుని మనిషిని తూలిస్తుంది" అన్నాడు కాంపౌండరు. నానమ్మ గబుక్కున ఒక సీసా తీసి పారేయబోయింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దండీ! ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఇంకా ఎక్కువగా వస్తాయి. మార్చాల్సింది డాక్టరే."

మర్నాడే తొలి బస్సుకి చిన్నాన్నని, డబ్బాని బెజవాడ తీసుకెళ్లాడు. డాక్టరు ఫెనిటాయిన్ తగ్గించి రాశాడు. క్షయ మందు ఆపొద్దన్నాడు. అది పూర్తయ్యాక మళ్లీ రమ్మన్నాడు, అప్పుడు ఈ మోతాదు మళ్లీ చూడాలట.

ఆ శుక్రవారానికి తూలడం పూర్తిగా తగ్గలేదు. అయినా, అది మందుల వల్లేనని తెలిసిన మా నాన్న మసీదు వరసలో చిన్నాన్నని తన పక్కనే నిలబెట్టుకున్నాడు. తూలితే తన మీదకే తూలాలని. ఇంకొన్నాళ్లకి చిన్నాన్న ఒక్క ప్రయత్నంలో సూదిలో దారం ఎక్కించి, "ఒకటే ఉందమ్మా!" అని కేకేశాడు. నానమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నాకూ బీపీ బిళ్లలు, షుగరు బిళ్లలు, మోకాళ్ల బిళ్లలు ఉన్నాయి. అన్నీ ఒకే డబ్బాలో. "కొట్టు పెడతావా ఏంటి నానమ్మా?" అని మనవరాలు ఎగతాళి చేస్తుంది. చేసుకోనీ. పంటి డాక్టరు దగ్గరికెళ్లినా సరే, నోరు తెరిచే ముందు ఆ డబ్బా మూత తెరుస్తాను.