మంగళవారం సూది

సోమశిల జలాశయం దగ్గర నీటిమట్టం రాసే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా నాకు రాసే అలవాటు పోలేదు. అందుకే నా భార్య నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి పదికి ఎంత ఉందో రోజుకు మూడుసార్లు రాసి తెమ్మని ఆత్మకూరు నొప్పుల క్లినిక్కులో డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు కష్టమనిపించలేదు. అక్కడ డాక్టరమ్మ, వ్యాయామం నేర్పే ఆయన, మనసు సంగతి అడిగే అమ్మాయి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క మనిషినీ చూస్తారు.

నా భార్యకు పదికి ఎంతో చెప్పడం చేతకాలేదు. "రూపాయికి పన్నెండణాలు ఉండాది, రాసుకోండి" అనేది. నేను ఏడున్నర అని రాసేవాణ్ణి.

రెండు నెలలు రాసిన పుస్తకం పట్టుకుని ఉదయగిరి నుంచి బస్సెక్కాము. మెచ్చుకుంటారనే అనుకున్నాను. డాక్టరమ్మ పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి, ప్రతి మంగళవారం సాయంత్రం నొప్పి రెండుకు పడిపోతోందే, ఆ రోజు ఏం చేస్తారని అడిగింది. ఏమీ లేదన్నాను. మంగళవారాలు నేను వింజమూరులో మంచం పట్టిన మా అన్నను చూసి వస్తాను, అంతే.

పక్కకు చూస్తే నా భార్య కొంగు వేలికి చుట్టుకుంటోంది. 

మనసు సంగతి అడిగే అమ్మాయి మెల్లగా అడిగితే నా భార్య అంతా చెప్పింది. మంగళవారాలు మా వీధికి ఆర్ఎంపీ డాక్టరు బండి మీద వస్తాడు. నడుముకు సూది వేసి, వారానికి సరిపడా మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తాడు. రెండేళ్ళ నుంచి. అవి కాక, నేను ఏ డాక్టరునూ అడక్కుండా మందుల షాపులో కొని తెచ్చే నొప్పి మాత్రలు కూడా వేసుకునేది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే రాస్తారు. రాస్తే వీళ్ళకు చూపిస్తారు. వీళ్ళు మానమంటారు. ఆ సూది లేకపోతే నేను బాత్రూముకు కూడా లేవలేను."

డాక్టరమ్మ కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇలాంటి మందులు ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయని చెప్పి, రక్తం తీయించింది. రిపోర్టు వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాము. రెండేళ్ళ మంగళవారాలు లెక్కపెడితే వంద దాటాయి. 

రిపోర్టులో కిడ్నీల అంకె ఉండాల్సిన దానికన్నా ఎక్కువే వచ్చింది. సూదులు, ఆ మాత్రలు పూర్తిగా ఆపి, రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష చేద్దామన్నారు. కోలుకోవచ్చు అన్నారు. కోలుకుంటుంది అనలేదు. వేరే మాత్ర ఒకటి ఇచ్చి, వేడి కాపడం, పడుకుని చేసే వ్యాయామం నేర్పించారు.

తర్వాతి మంగళవారం నేను వింజమూరు పోలేదు. నా భార్య తెల్లవారినప్పటి నుంచి గోడవైపు తిరిగి పడుకునే ఉంది. వీధిలో బండి ఆగింది. ఆమె అతన్ని లోపలికి పిలుస్తుందేమోనని భయం. పిలవకపోతే ఈ నొప్పితో ఏమవుతుందోనని అంతకన్నా భయం. ఏం చేయాలో తెలియక గడపలో నిలబడిపోయాను.

"అట్ల నిలబడి చూడబాకండి. ఆయన్ని పంపించేయండి" అంది, గోడవైపు నుంచి తిరగకుండానే.

అతనికి రిపోర్టు సంగతి చెప్పాను. "వీధిలో అందరికీ వేస్తానే ఉండాను సార్, ఎవురికేమైంది?" అన్నాడు. ఎవరికేమైందో తెలియడానికి ఎవరూ పరీక్ష చేయించుకోలేదు. అతను ఎదురింటి ముందు బండి ఆపాడు. అరుగు మీద ఆ ఇంటావిడ అప్పటికే లేచి నిలబడింది. కూలికి పోయే మనిషి, నా భార్యకన్నా పదేళ్ళు చిన్న. నేను వీధి దాటి వెళ్ళి, ఎన్నాళ్ళుగా వేయించుకుంటున్నావని అడిగాను.

"నాలుగేళ్ళయింది, అన్నా. మా ఇంటాయనకు కూడా."

కిడ్నీల మాట చెప్పాను. సూది మానేస్తే రేపు మిరపకాయలు కోయడానికి ఎవరు పోతారని అడిగింది.  సోమవారం మళ్ళీ పరీక్షకు పోతున్నాము, మాతో ఆత్మకూరు రమ్మన్నాను. ఆమె లోపలికి వెళ్ళి ఒక కాగితం పొట్లం తెచ్చి నా చేతిలో విప్పింది. వీటిలో ఏవి చెడ్డవో చూసి చెప్పమంది. తెల్లవి, పసుపువి, ఒకటి గులాబీ రంగుది. ఏ మాత్ర మీదా పేరు లేదు.