ఏకగ్రీవ బోరు

మండలాలు కొత్తగా ఏర్పడిన రోజుల్లో మా ములకలపల్లి మండలాఫీసుకు హైదరాబాద్ నుంచి ఒక ఎమ్మే విద్యార్థిని రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు వచ్చింది. సర్కారు నిర్ణయాల్లో జనం మాట ఎంత చెల్లుతుందన్నది ఆమె చదువు. నేను బడి ముఖం చూడకుండా పాత పేపర్లతో అక్షరాలు నేర్చుకుని, ఆఫీసు ముందు అర్జీలు రాసేవాణ్ని. ఊళ్ళు చూపించమని ఆఫీసర్ ఆమెను నాకు అప్పగించాడు.

ఆ వారమే అడవి అంచున ఉన్న గూడెంలో గ్రామసభ. వేసవి వస్తే అక్కడి ఆడవాళ్ళు వాగులో చెలమలు తవ్వి నీళ్ళు తోడుకునేవారు. చివరికి బోరు మంజూరైంది. దాన్ని గూడేనికి దూరంగా ఒక ఆసామి చేను గట్టున వేస్తామని ఆఫీసర్ చదివాడు.

"ఎవరికన్నా అభ్యంతరముందా?"

ఒక్కరూ నోరు విప్పలేదు. ఒక ముసలమ్మ కొంగు దులుపుకుని లేచింది. ఆమె వెనకే అందరూ వెళ్ళిపోయారు. సభ మొదట్లోనే హాజరు కింద వేలిముద్రలు వేయించుకున్న కాగితం మీద ఆఫీసర్ 'ఏకగ్రీవ ఆమోదం' అని రాసి, సాక్షి సంతకానికి పెన్ను నా చేతికిచ్చాడు. పెట్టాను.

తిరుగుదారిలో ఆ అమ్మాయి సంబరపడిపోయింది. "ఎంత పద్ధతి సార్! మా హాస్టల్ల ఫ్యాను ఏడ పెట్టాలన్నా కొట్లాటే."

నాకు ఒళ్ళు మండింది. "ఏం చదువమ్మా నీది? ఈ గూడెపోళ్ళు వద్దంటె అరవరు. లేసి ఇంటికి పోతరు. గదే వాళ్ళ జవాబు."

ఆమె ఆగిపోయింది. "గది మీకు ముందే తెలుసా?"

"తెల్వకేంది!"

"మరి సంతకమెందుకు పెట్టిన్రు?"

వేలిముద్రల కాగితం మీద ఉండే ఒక్క సంతకమూ నాదే కావాలన్న తీపి. అంతకు మించి కారణం లేదు.

ఆమె గూడెం వైపు వెనక్కి నడిచింది. నేనూ నడిచాను. ముసలమ్మ వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది.

"అవ్వా, బోరు ఏడ కావాలె?"

"గీ సంతకాలాయన్ని అడుగు బిడ్డా, అన్నీ ఎరికున్నోడు," అంది ముసలమ్మ నన్ను చూడకుండానే. పూలు తిరగేస్తూ, "ఆసామి గట్టునైతే ముందు ఆయన బర్లు తాగాలె. తర్వాతే మేము," అంది.

మర్నాడు నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. నా కాగితమొక్కటే అయితే మిర్చిబజ్జీల పొట్లమయ్యేది. చదువుకున్న పిల్ల తాను చూసింది రాసిచ్చిన కాగితం తోడయ్యేసరికి ఆఫీసర్‌కు మళ్ళీ సభ పెట్టక తప్పలేదు. జనం గొంతుకు విలువ రావాలన్నా పట్నం చేతిరాత కావాలా? ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

ఈసారి బోరు గూడెం నడుమ అని చదివాడు. మళ్ళీ నిశ్శబ్దం. ముసలమ్మ కాళ్ళు బారచాపి కూర్చుంది. ఎవరూ కదల్లేదు.

"ఏంది, ఒప్పుకున్నట్టా కాదా?" ఆఫీసర్ విసుక్కున్నాడు.

"కూసున్నరు గద సార్," అంది ఆ అమ్మాయి. "రాసుకోండి."

సాక్షి సంతకానికి పెన్ను మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ముసలమ్మ వైపు చూశాను. ఆమె తల ఊపాకే పెట్టాను.