పడవకు తీసిన దిష్టి

మాది నంద్యాల. ట్రాక్టర్ బ్యాటరీలు బాగుచేస్తుంటాను. ఆళ్లగడ్డలో ఉండే మా తోడల్లుడు చేపల కోసం మోటారు పడవ కొన్నప్పటి నుంచి అత్తగారింట్లో ఎప్పుడూ అతని మాటే. వింటుంటే నాకు కడుపు మండేది.

ఒక ఆదివారం అందరినీ పడవెక్కించి, వలలు చూపిస్తానని రిజర్వాయరు మధ్యలో మోటారు ఆపాడు. మళ్లీ తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. గాలికి పడవ కొట్టుకుపోతుంటే మా అత్తమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాకు మాత్రం, అబద్ధమెందుకు, లోపల చల్లగా ఉంది.

"కొత్త బ్యాటరీనే కదన్నా, ఏందీ ఇట్ల చేస్తాంది?" అన్నాడు తోడల్లుడు.

మూత తీసి చూశాను. "వైరు చివర చిలుము పట్టింది. ఇంక చార్జింగ్ యాడ ఎక్కుతాది?" అంటూ గీకి, గట్టిగా బిగించాను. ఈసారి మోటారు కాసేపు మూలిగి అందుకుంది.

ఒడ్డుకు చేరగానే అత్తమ్మ, అన్నంలోకి తెచ్చిన నిమ్మకాయను చిన్నల్లుడి చుట్టూ, పడవ ముందూ తిప్పింది. "ఎవరి కండ్లు పడినాయో ఏమో" అని గొణుక్కుంటూ, కాయా కత్తీ నా చేతిలో పెట్టింది.

"కోసి పారెయ్యి నాయనా."

బాగుచేసింది నేనని ఆ రోజు ఎవ్వరూ అనలేదు. కన్ను పెట్టిందీ నేనేనని కూడా ఎవ్వరూ అనలేదు, అంతవరకు నయం.