మౌ దీదీ చెప్పిన డిటెక్టివ్ కథలు

మొన్న టొరంటో పక్కనున్న మార్కమ్‌లోని ఒక దుకాణంలో ఎవరి చేతిలోంచో ఆవనూనె సీసా జారి పగిలింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా అరచేతులు చెమర్చాయి. ఆ వాసనకు నాకు ముందు భయం వేస్తుంది, తర్వాతే ఆకలి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మేముండే కెనడాలోని హామిల్టన్‌లో ఎక్కడ చూసినా స్టూడెంట్లే. ఒక్కో బేస్‌మెంట్‌లో నలుగురైదుగురు సర్దుకునేవారు. మా బేస్‌మెంట్‌లోకి మాత్రం కలకత్తా నుంచి మౌ దీదీ ఒక్కతే అద్దెకు వచ్చింది. అమ్మ హాస్పిటల్‌లో నర్సు, నాన్న స్టీల్ ప్లాంట్‌లో ఇంజినీరు. నన్ను చూసుకోవడానికి అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చి ఉండేది. స్కూలు నుంచి రాగానే తడి బూట్లు గుమ్మంలో విడిచి కిందికి పరుగెత్తేదాన్ని. దీదీ మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిరప తరిగి వేసి, ఆవనూనె చిలకరించి, గిన్నె నా ఒళ్లో పెట్టి, అట్ట ఊడిన బెంగాలీ పుస్తకం తెరిచి కథను ఇంగ్లీషులో చెప్పేది. అందులోని డిటెక్టివ్ వాళ్ల బెంగాల్‌లో ఇంటింటికీ తెలిసినవాడట. అతను ఎవరినీ గద్దించడు, గదిలో ఉండాల్సింది ఏది లేదో చూస్తాడు. దోషి చివరికి ఆ ఇంటివాడే అయ్యేవాడు. గోడ అవతల ఇంటిని వేడిచేసే ఫర్నేస్ గుర్రుమన్నప్పుడల్లా నేను దీదీ చెయ్యి పట్టుకునేదాన్ని.

ఒకసారి నా ముందే దీదీ నాన్నను అడిగింది. "అంకుల్, కింద గ్యాస్ అలారం లేదు."

"నెక్స్ట్ వీక్ పెట్టిస్తాలేమ్మా," అన్నాడు నాన్న. రెండోసారి అడిగినప్పుడూ అదే మాట.

మంచు తుపానుకు స్కూలు మూసేసిన రోజు, మధ్యాహ్నం దాటినా కింద అలికిడి లేదు. కిటికీలోంచి చూశాను. దీదీ వచ్చిపోయే పక్క తలుపు ముందు మంచు మీద ఒక్క అడుగు కూడా పడలేదు. బయటికి వెళ్లలేదు, లోపల చప్పుడూ లేదు. ఎవరో దీదీని చంపేశారనే అనుకున్నాను. పొద్దుటి నుంచి తలనొప్పితో పడుకుని ఉన్న అమ్మమ్మను లేపాను.

"నా వెనకమాల ఉండవే," అని అమ్మమ్మ మెట్లు దిగింది.

దీదీ మంచం పక్కన నేల మీద పడి ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అమ్మమ్మ ఆమెను చంకల కింద పట్టి ఈడ్చింది, నేను కాళ్లు పట్టాను. వాకిట్లో మంచులో కూర్చోబెట్టాక అంబులెన్స్‌కూ నాన్నకూ నేనే ఫోన్ చేశాను.

ఫర్నేస్ పొగ పోయే గొట్టాన్ని మంచు మూసేసిందని, విషవాయువు ఇంట్లోకి ఎదురుతన్నిందని ఫైర్ ఆఫీసర్ చెప్పాడు. దీదీని అంబులెన్స్‌లో తీసుకెళ్లాక నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, "కింద అలారం లేదని ఆమె ఎప్పుడైనా మీవాళ్లతో చెప్పిందా?" అని మెల్లగా అడిగాడు.

నిజం చెబితే నాన్నను పట్టుకుపోతారనుకున్నాను. లేదు అనడానికి నోరు తెరుస్తుండగానే, ప్లాంట్ నుంచి పరుగున వచ్చిన నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చెప్పింది. రెండుసార్లు. తప్పు నాదే," అన్నాడు.

దీదీ బతికింది. వారం తర్వాత తన సామాను కోసం వచ్చి, నన్ను గట్టిగా హత్తుకుని, టొరంటోలో స్నేహితురాలి గదికి మారిపోయింది. నాన్నను మాత్రం తలెత్తి చూడలేదు. ఇప్పుడు అమ్మమ్మ లేదు, ఆ ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్లు ఆ పక్క తలుపును గోడ కట్టి మూసేశారు. నాన్న ఇంకొక్క నిమిషం ఆలస్యంగా వచ్చి ఉంటే నేను ఆ అబద్ధం చెప్పేసేదాన్ని. ఈ సంగతి నాన్నకు ఈనాటికీ చెప్పలేదు.