నాలుగో అంతస్తు ఇస్త్రీ

మా పిన్ని బట్టలు ఇస్త్రీ చేస్తుంది, అదీ నాలుగో అంతస్తులో. తక్కువ అద్దెకిచ్చే ఆ భవనానికి లిఫ్టు ఉంది గానీ, ఉన్నా లేనట్టే. మూటలు మోసి మోసి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. కింద ఖాళీగా పడున్న గదుల్లో ఒకటి దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదంటుంది.

మూడేళ్ళ కిందట ఒక సంస్థ వాళ్ళొచ్చి, భవనంలో అందరినీ సొంత కాళ్ళ మీద నిలబెడతామన్నారు. చీట్లు తీశారు. చీటీ తగిలినవాళ్ళకి పాఠాలు, అప్పు, కింద ఒక గది. తగలనివాళ్ళు ‘పోలిక జట్టు’. వాళ్ళకి సాయం ఉండదు, ఏడాదికోసారి ప్రశ్నలు మాత్రం ఉంటాయి. సాయం అందినవాళ్ళని వీళ్ళ పక్కన పెట్టి చూస్తారట. పథకం పనికొచ్చిందని తేలితే అప్పుడు వీళ్ళ వంతు. ఎదురింటి దర్జీ అక్కకి గది వచ్చింది, మా పిన్నికి ప్రశ్నలొచ్చాయి.

ఆ అక్క నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున విన్న పాఠం సాయంత్రానికల్లా పిన్ని గుమ్మంలో నిలబడి అప్పజెప్పేది. అరువు ఎలా ఆపాలి, నెలవారీ బేరం ఎలా మాట్లాడుకోవాలి, అన్నీను. పిన్ని చేతిలో పని ఆపకుండా విని, మర్నాడే అమల్లో పెట్టేది. రెండు లాడ్జీల దుప్పట్ల ఇస్త్రీ పని పట్టింది. సంపాదనతోపాటు మూటలూ పెరిగాయి, మోకాళ్ళ నొప్పీ పెరిగింది.

మొన్న ఆఖరి ప్రశ్నలకి సంస్థ అమ్మాయి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, మూడేళ్ళు లెక్కలు కట్టి రెండు జట్లకీ తేడా లేదని తేల్చారట. కాబట్టి పథకం దండగని మూసేస్తున్నారట. పిన్ని వంతు ఇక రాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాఠాలు పనిచెయ్యక కాదు, గుమ్మం దాటి పిన్నిలాంటివాళ్ళకీ పనిచేశాయి గనకే తేడా లేదని చెప్పాను. తన కాగితంలో అది రాసుకునే గడి లేదంది.

“ఏ సాయం లేకుండా ఇంత పైకెలా వచ్చారు ఆంటీ?” అని పిన్నిని అడిగింది.

పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టి, మోకాలు రుద్దుకుంది.

“మెట్లెక్కే వచ్చానమ్మా. రోజూ వస్తూనే ఉన్నాను. కిందికి దిగడానికే మీ సాయం అడిగాను.”

ఆ అమ్మాయి ‘సొంత కాళ్ళ మీద నిలబడ్డారు’ అన్నచోట టిక్కు పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.